జవాబు ముందే చెప్పేయకు, చిట్టీ

శ్రీకాకుళం

చి. చిట్టికి,

నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం కులాసా. మీ అమ్మ మోకాలి నొప్పి కాస్త నయం.

పిల్లల కోసం నువ్వు చేస్తున్న సూర్యోదయం పేజీ ఫోన్‌లో చూశాను. తేదీ జరిపితే సూర్యుడు అటూ ఇటూ కదలడం ముచ్చటగా ఉంది. కానీ తెరవగానే పైన మూడు పేరాల పాఠం పెట్టావు. అంతా చదివేశాక పిల్లాడికి స్లయిడర్ ముట్టుకోవాల్సిన పనేముంది? ముందు వాడి చేత ఊహ చెప్పించు. ఆ తర్వాతే స్లయిడర్ కదలాలి.

లెక్క మన ఊళ్లోనే ఉంది కదా. అరసవల్లిలో స్వామి పాదాల మీద సూర్యకిరణాలు మార్చి 9, 10 ప్రాంతంలోనూ, మళ్లీ అక్టోబర్ 1, 2 ప్రాంతంలోనూ పడతాయి. సూర్యుడు రోజూ తూర్పునే ఉదయిస్తే మిగతా రోజుల్లో ఎందుకు పడవు? ఈ ఒక్క ప్రశ్నతో పేజీ మొదలుపెట్టు. క్లాసులో అడిగితే, పగలూ రాత్రీ సమానంగా ఉండే రోజులు కాబట్టి అనేవాళ్లు కొందరు. తెలివైన తప్పు అది! అలా అన్నవాడికి ఎర్ర అక్షరాల్లో 'తప్పు' అని చూపించకు. తేదీని, పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే మార్చి 21కి జరపనీ. నీ బొమ్మలో కిరణం పక్కకి పోవడం వాడే చూస్తాడు. ఆ రోజు సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయిస్తాడు, మార్చి 10న దాదాపు నాలుగు డిగ్రీలు దక్షిణంగా. జూన్ 21కి తోస్తే ఉత్తరంగా సుమారు 25 డిగ్రీలు పోతాడు.

తర్వాత అసలు లెక్క. మార్చి 10 ఒక్కటే ఇచ్చి రెండో తేదీ కనుక్కోమను. డిసెంబర్ 21 దగ్గర సూర్యుడు వెనక్కి తిరుగుతాడని గమనించినవాడు క్యాలెండర్ మీద వేలు పెట్టి లెక్కపెడతాడు. అక్టోబర్ 2 నుంచి అక్కడికి 80 రోజులు, అక్కడి నుంచి మార్చి 10కి 79. సూచన ఇవ్వాలంటే ఆ తిరిగే చోటు చూపించు చాలు, తేదీ చెప్పకు.

మబ్బుల్ని ఇందులో కలపకు. కలపలేదని మాత్రం ఒక లైను రాయి. ఏ ఏడాదైనా మబ్బు పట్టి కిరణాలు కనబడకపోతే పిల్లలు నీ పేజీ అబద్ధం అనుకుంటారు.

'ప్రయత్నించు' బటన్‌లో కింద వత్తు తెగిపోతోంది. ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయిన ఎత్తు మనకి చాలదమ్మా. కిరణం ఎరుపు, గోడ ఆకుపచ్చ పెట్టావు, ఆ రెండూ విడిగా కనబడని పిల్లలుంటారు. పిల్లల్లో చాలామంది చూసేది అమ్మ ఫోన్‌లో కాబట్టి, త్వరగా తెరుచుకునేలా పేజీ బరువు కూడా తగ్గించు.

ఫెట్ సిమ్యులేషన్లు, అదే, సైన్సుని తెర మీద కదిపి చూసి నేర్చుకునే బొమ్మలు, చూశావా? 2001లో ఫిజిక్స్ నోబెల్ అందుకున్న కార్ల్ వీమన్ 2002లో కొలరాడో యూనివర్సిటీలో మొదలుపెట్టాడు. జావా, ఫ్లాష్ అనే పాత టెక్నాలజీల్లో చేసినవాటిని తర్వాత ఇప్పటి బ్రౌజర్లలో నడిచే హెచ్‌టీఎంఎల్5లో మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది వాళ్లకి. ఫ్లాష్ అయితే 2020 చివర్లో ఆగేపోయింది. నాకు నచ్చింది వాళ్లు పరీక్షించే పద్ధతి. విద్యార్థికి సిమ్యులేషన్ ఇచ్చి, మనసులో ఏమనుకుంటున్నాడో పైకి చెప్పమని, పక్కన కూర్చుని వింటారు.

సవరించి పంపు. పక్కింటి ఎనిమిదో తరగతి పిల్లకిచ్చి నేను నోరు మెదపకుండా కూర్చుంటాను. అది మీ నాన్న వల్ల అయ్యే పని కాదని మీ అమ్మ వంటింట్లోంచి అంటోంది.

ఇట్లు,
మీ నాన్న