ఫర్నేస్ మంచిదైతే చాలదు, దాని పొగ వెళ్లే దారి చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక ప్రవాసుల పేజీలో అమెరికాలో ఇల్లు కొనేవారి కోసం వడ్డీ రేట్లు, ఆస్తి పన్నులు, బడుల రేటింగుల గురించి తరచుగా వ్యాసాలు వస్తుంటాయి. డెట్రాయిట్ శివార్లలో స్థిరపడి, ఇళ్ల హీటింగ్, ఏసీ పనులే వృత్తిగా ఉన్న నేను వాటిని ఆసక్తితోనే చదువుతాను. అయితే ఏడాదిలో సగం కాలం చలిలో గడిచే ఈ ఊళ్లలో దాదాపు ప్రతి ఇంటి బేస్‌మెంట్‌లోనూ మండుతూ ఇంటిని వెచ్చబెట్టే గ్యాస్ ఫర్నేస్ గురించి, అంతకంటే ముఖ్యంగా ఆ మంట నుంచి వచ్చే పొగ బయటికి వెళ్లే దారి గురించి ఆ వ్యాసాల్లో ఒక్క మాట కూడా నాకు కనిపించలేదు. ఇల్లు కొన్నాక మనవాళ్లు ముచ్చటపడి చేయించే మార్పులే చాలాసార్లు ఆ దారికి అడ్డం వస్తున్నాయి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

సహజ వాయువు తగినంత గాలితో మండితే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వెలువడతాయి. గాలి చాలకపోయినా, పొగ బయటికి పోలేక మంట దగ్గరికే తిరిగి వచ్చినా కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌ను అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. అగ్నిప్రమాదాలతో సంబంధం లేకుండా, కేవలం ప్రమాదవశాత్తు ఈ వాయువు సోకి అమెరికాలో ఏటా 400 మందికి పైగా చనిపోతున్నారని, లక్ష మందికి పైగా ఆసుపత్రుల అత్యవసర విభాగాలకు వెళ్తున్నారని అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం చెబుతోంది. గాలి ఆడని బాత్‌రూముల్లో గ్యాస్ గీజర్ల వల్ల మన దేశంలో పోయిన ప్రాణాల వెనుక ఉన్నదీ ఈ వాయువే.

ఫర్నేస్‌లు ముఖ్యంగా రెండు రకాలు. ఇప్పటికీ ఎన్నో ఇళ్లలో ఉన్న 80 శాతం సామర్థ్యం గల ఫర్నేస్ పొగను వేడిగానే వదులుతుంది. వేడి పొగ తేలిక కాబట్టి ఇటుక చిమ్నీలోనో, రెండు పొరల లోహపు గొట్టంలోనో పైకి లేచి కప్పు మీద బయటపడుతుంది. 90 శాతం దాటిన కొత్త రకం ఫర్నేస్ పొగలోని వేడిని కూడా పిండుకుంటుంది. అందులోని ఆవిరి నీరుగా మారిపోగా మిగిలిన చల్లని పొగకు తనంతట తాను పైకి లేచే శక్తి ఉండదు కనుక, ఒక చిన్న ఫ్యాన్ దాన్ని పీవీసీ వంటి ప్లాస్టిక్ గొట్టం గుండా, సాధారణంగా పక్క గోడలోంచి, బయటికి నెడుతుంది. రెండింటిలోనూ గొట్టం ఫర్నేస్ నుంచి దూరమయ్యే కొద్దీ అడుగుకు పావు అంగుళం చొప్పున ఎక్కాలి, కాని కారణాలు వేరు: మొదటిదానిలో వేడి పొగ ఎక్కడా నిలవకుండా పైకి సాగాలి, రెండోదానిలో గొట్టంలో చేరిన నీరు వెనక్కి జారి ఫర్నేస్ కింది కాలువలోకి పోవాలి. ఈ ప్లాస్టిక్ గొట్టం ఆధారాలు ఊడి మధ్యలో వంగితే అక్కడ నీరు నిలిచి గుడగుడమని చప్పుడు వస్తుంది, పొగ దారి మూసుకుపోతుంది, ఒత్తిడిని కనిపెట్టే స్విచ్ ఫర్నేస్‌ను ఆపేస్తుంది. అది ఫర్నేస్ తన పని తాను సరిగా చేసిందనడానికి గుర్తు. చలికి తాళలేక ఆ స్విచ్‌ను వైరుతో దాటవేయించుకున్న ఇళ్లను నేను చూశాను; అంతకంటే తెలివితక్కువ పని మరొకటి ఉండదు.

పాత ఫర్నేస్ తీసి కొత్త రకం పెట్టించడం మంచి నిర్ణయమే, గ్యాస్ బిల్లు తగ్గుతుంది. చిక్కంతా పక్కనున్న వాటర్ హీటర్‌తో వస్తుంది. అంతకుముందు ఫర్నేస్, వాటర్ హీటర్ రెండూ ఒకే చిమ్నీలోకి పొగ వదిలేవి. గంటకు లక్ష బీటీయూల (బీటీయూ అంటే వేడిని కొలిచే ప్రమాణం) ఫర్నేస్ వేడికి ఆ పెద్ద చిమ్నీ ఎప్పుడూ వెచ్చగా ఉండేది. ఫర్నేస్ తన ప్లాస్టిక్ గొట్టంతో వేరు పడిపోయాక, 40,000 బీటీయూల వాటర్ హీటర్ ఒక్కటే ఆ చల్లని, వెడల్పాటి చిమ్నీని వేడెక్కించలేదు. పొగ సగం దారిలోనే చల్లబడుతుంది, ఆవిరి ఇటుకల మీద నీరై సున్నాన్ని తినేస్తుంది, గాలి ఎదురు తిరిగిన రోజున పొగంతా బేస్‌మెంట్‌లోకే వస్తుంది. దీనికి విరుగుడు అందరికీ తెలిసిందే: చిమ్నీలోపల సరైన కొలతగల లోహపు లైనర్ (లోపలి గొట్టం) దించాలి, లేదా ఫ్యాన్‌తో పొగ నెట్టే వాటర్ హీటర్‌ను గాని కరెంటుదాన్ని గాని పెట్టుకోవాలి. కాని ఫర్నేస్ అమ్మేవాడు చెప్పిన ధరలో ఈ ఖర్చు ఉండదు, కొనేవాడు అడగడు. వాటర్ హీటర్ నెత్తిమీద గొట్టాల చుట్టూ ఉండే ప్లాస్టిక్ బిళ్లలు కరిగి ఉన్నా, అక్కడ తుప్పు గాని మసి గాని కనిపించినా, పొగ వెనక్కి వస్తోందని అర్థం. ఈ పరీక్షకు పనిముట్లేవీ అక్కర్లేదు, ఒక టార్చిలైటు చాలు.

ఇక బేస్‌మెంట్ సంగతి. సినిమా తెర, పూజ గది, ఊరి నుంచి వచ్చే అమ్మానాన్నలకు ఒక పడక గది, ఇవన్నీ కట్టించాక ఫర్నేస్, వాటర్ హీటర్ అందవిహీనంగా కనిపిస్తాయి కనుక వాటి చుట్టూ గోడలు లేపి తలుపు పెట్టిస్తారు. మంటకు గాలి ఎక్కడి నుంచి రావాలన్న ప్రశ్న అప్పుడు ఎవరికీ తట్టదు. గది గాలినే వాడుకునే పరికరాలకు ప్రతి 1,000 బీటీయూలకు 50 ఘనపుటడుగుల చోటు ఉండాలని జాతీయ ఇంధన వాయు నియమావళి ప్రామాణిక పద్ధతిగా చెబుతోంది. లక్ష బీటీయూల పాత రకం ఫర్నేస్, 40,000 బీటీయూల వాటర్ హీటర్ కలిసి ఉంటే 7,000 ఘనపుటడుగులు కావాలి. ఎనిమిదడుగుల ఎత్తు బేస్‌మెంట్‌లో అది 875 చదరపు అడుగుల నేల. మనవాళ్లు కట్టించే ఎనిమిదికి పది అడుగుల గదిలో ఉండేది 640 ఘనపుటడుగులు మాత్రమే. గది కట్టుకోవద్దని నియమావళి అనడం లేదు. పక్కనున్న పెద్ద చోటు నుంచి గాలి తీసుకునేలా పైకప్పు దగ్గర ఒకటి, నేల దగ్గర ఒకటి చొప్పున రెండు కంతలు పెట్టమంటోంది. పై లెక్కకు ఒక్కో కంతకు 140 చదరపు అంగుళాల ఖాళీ ఉండాలి, అదీ జాలీ పలకలు ఆక్రమించే చోటు పోగా. కొత్త రకం ఫర్నేస్ తన గాలిని బయటి నుంచి వేరే గొట్టంతో తెచ్చుకుంటే దాని లెక్క తగ్గుతుంది గాని, మామూలు వాటర్ హీటర్ లెక్క మిగిలే ఉంటుంది.

వంటింటి సంగతి మన ఇళ్లకే ప్రత్యేకం. తాలింపు ఘాటు ఇల్లంతా వ్యాపించకూడదని పొయ్యి మీద పెద్ద ఎగ్జాస్ట్ హుడ్ పెట్టించుకుంటాం. నిమిషానికి 900 ఘనపుటడుగుల గాలిని లాగేవి మన ఇళ్లలో మామూలు. కిటికీలన్నీ బిగించిన చలికాలపు ఇంట్లోంచి అంత గాలి బయటికి పోతే, దాని బదులు గాలి ఎక్కడో ఒకచోట నుంచి లోపలికి రావాలి. సులువైన దారి చిమ్నీయే. అది చిమ్నీలో దిగితే వాటర్ హీటర్ పొగ దానితోపాటు ఇంట్లోకి దిగుతుంది. ఈ కారణంగానే నిమిషానికి 400 ఘనపుటడుగులు దాటిన హుడ్ పెడితే, ఇంట్లో గది గాలితో మండుతూ సహజంగా పొగ వదిలే పరికరం ఉన్నచోట బయటి గాలి లోపలికి వచ్చే ఏర్పాటు కూడా ఉండాలని అమెరికా నివాస గృహాల నియమావళి శాసిస్తోంది. హుడ్ అమ్మే దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు. మీ ఇంటి పరిస్థితి ప్రాథమికంగా తెలుసుకోవాలంటే తలుపులు, కిటికీలు మూసి, హుడ్, బాత్‌రూమ్ ఫ్యాన్లు, బట్టల డ్రయర్ అన్నీ ఒకేసారి నడిపి, వాటర్ హీటర్ మంట వెలిగిన ఐదు నిమిషాలకు దాని నెత్తిమీది గొడుగులాంటి భాగం అంచున ఒక అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి లాక్కుంటే సరే. మీ ముఖం మీదికి వస్తే ఆ ఫ్యాన్లన్నీ, వాటర్ హీటర్ కూడా ఆపి, కిటికీలు తెరిచి, లైసెన్సు ఉన్న మనిషిని పిలవండి. అగరుబత్తి పరీక్ష ఆయన తెచ్చే కొలత పరికరానికి బదులు కాదు, ఆయనను పిలవాలో లేదో చెబుతుంది, అంతే.

మంచు గురించి మిచిగన్‌లో ఉన్నవాడిగా ఎంతైనా రాయగలను. పక్క గోడ గొట్టం నేల మీద, ఇంకా సరిగా చెప్పాలంటే అక్కడ పేరుకునే మంచు మట్టం మీద, కనీసం ఒక అడుగు ఎత్తున ఉండాలి. గాలికి కొట్టుకొచ్చి గోడవార పేరుకునే మంచు ఆ అడుగును ఒక్క రాత్రిలో మింగేస్తుంది. 2005 జనవరిలో మసాచుసెట్స్ రాష్ట్రం ప్లిమత్‌లో మంచు తుఫాను తరువాత హీటింగ్ గొట్టం మూసుకుపోయి నికోల్ గారొఫాలో అనే ఏడేళ్ల పాప మరణించింది. ఆ రాష్ట్రం ఆమె పేరుతోనే చట్టం తెచ్చి, ఇంధనం మండే ప్రతి ఇంట్లో కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి చేసింది. ఏడడుగుల కంటే తక్కువ ఎత్తున గోడలోంచి గ్యాస్ పొగ గొట్టం వస్తే, సరిగ్గా దాని మీదుగా ఎనిమిదడుగుల ఎత్తున ‘ఈ కిందనే గ్యాస్ గొట్టం ఉంది, అడ్డు పెట్టకండి’ అనే పలక బిగించాలని కూడా అక్కడి నియమం. అంత సులువైన నియమాన్ని మంచు కురిసే ప్రతి రాష్ట్రమూ ఎందుకు తెచ్చుకోలేదో నాకు అంతుపట్టదు. వాకిట్లో మంచు తోసేవాళ్లు అదే మంచును ఆ గొట్టం మీదికి కుప్పగా పోయడమూ, వేసవిలో కట్టిన కొత్త డెక్ కింద గొట్టం దాగిపోవడమూ నేను తరచుగా చూసేవే.

డాలస్ ప్రాంతంలో మంచు ఇబ్బంది తక్కువే గాని, అక్కడ ఫర్నేస్ అటకమీద ఉంటుంది. వడగళ్ల వానకు కప్పు దెబ్బతిని, బీమా డబ్బుతో కొత్త కప్పు వేయించినప్పుడు, పైన పనివాళ్ల తాకిడికి అటకలోని పొగ గొట్టం అతుకు ఊడిపోవడం ఆ ప్రాంతపు ఇళ్లు పరీక్షించేవారికి కొత్త కాదు. కప్పు పని ముగిసిన రోజునే ఎవరైనా అటక ఎక్కి చూడాలి. అది సాధారణంగా ఎండాకాలం కనుక ఎవరూ ఎక్కరు.

అలారం ఉంది కదా అనేవారికి ఒక మాట. ఇక్కడి ప్రమాణం ప్రకారం గాలిలో ఈ వాయువు 70 పీపీఎం (పది లక్షల భాగాల్లో 70 భాగాలు) గాఢత ఉన్నప్పుడు అలారం గంట నుంచి నాలుగు గంటల లోపల మోగితే చాలు; 30 పీపీఎం దగ్గర నెల రోజులైనా మోగకూడదు. పగలంతా పిల్లలు ఆఫీసులకు, మనుమలు బడికి వెళ్లాక బేస్‌మెంట్ గదిలో ఒంటరిగా ఉండే అమ్మానాన్నలు ఆ తక్కువ గాఢతను గంటల తరబడి పీలుస్తుంటారు. తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం వస్తే ప్రయాణ బడలిక అనో, చలి పడలేదనో సరిపెట్టుకుంటారు. జ్వరం లేకుండా ఈ లక్షణాలు ఉండి, బయట కాసేపు తిరిగి వస్తే తగ్గుతుంటే అనుమానించవలసిందే. అలారానికీ ఆయుష్షు ఉంది. రకాన్ని బట్టి ఐదు నుంచి పదేళ్లు, తేదీ వెనకవైపు ముద్రించి ఉంటుంది.

‘మనవాళ్లే, తక్కువకి చేస్తారు, పర్మిట్ అక్కర్లేదు’ అనే మాట వాట్సాప్ బృందాల్లో ఇక్కడ నిత్యం వినిపిస్తుంది. రంగులు వేయించడానికి ఆ పద్ధతి సరిపోతుందేమో గాని, గ్యాస్ పనికి సరిపోదు. పర్మిట్ రుసుము కట్టి పిలిపించుకునే నగర ఇన్‌స్పెక్టర్, కాంట్రాక్టర్‌కు డబ్బు రావాలన్న తొందర లేని ఏకైక మనిషి. గొట్టం వాలును, కిటికీ నుంచి దూరాన్ని, వాటర్ హీటర్ ఒంటరిగా మిగిలిందా అన్న సంగతిని అడిగేది ఆయనే. కెనడాలో ఉన్న మనవారు మరొకటి కూడా చూసుకోవాలి: అక్కడ పొగకు మామూలు నీళ్ల పీవీసీ గొట్టం పనికిరాదు, ఎస్636 అనే ముద్ర ఉన్నదే వాడాలి.

సంపాదక మహాశయా, ప్రతి అక్టోబర్‌లో, ఫర్నేస్‌లు వెలిగే ముందు, ఈ విషయాలతో ఒక చిన్న పెట్టె వార్తను మీ ప్రవాసుల పేజీలో వేయవలసిందిగా నా విన్నపం. అందులో, అమెరికా ప్రయాణానికి సిద్ధమవుతున్న పెద్దవారి కోసం, అలారం మోగితే ఏం చేయాలో తెలుగులో ఉంటే మరీ మంచిది: కారణం వెతుకుతూ లోపల ఉండవద్దు, చలికోట్ల కోసం ఆగవద్దు, అందరూ బయటికి వచ్చి 911కు ఫోన్ చేయాలి, ఇంగ్లిష్ రాకపోతే ‘తెలుగు’ అని చెప్పి లైన్‌లోనే ఉండాలి, అగ్నిమాపక సిబ్బంది కొలిచి చూసి వెళ్లమనేదాకా తిరిగి లోపలికి వెళ్లకూడదు. ఆ పెట్టెను కత్తిరించి ఫ్రిజ్ తలుపు మీద అతికించుకునేంత చిన్నదిగా వేయగలిగితే కృతజ్ఞుణ్ణి.

ఇట్లు,
మీ పాఠకుడు,
ట్రాయ్, మిచిగన్