పాత బండ్లు, పాత యంత్రాల సంఘం, విజయవాడ: 2025–26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఏడాదిలో మనం చేసిన పనులు, చేయలేకపోయినవి, వచ్చే ఏడాది అనుకుంటున్నవి మీ ముందు పెడుతున్నాను. జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా జతచేశాం కాబట్టి డబ్బు సంగతి ఇక్కడ మళ్లీ రాయడం లేదు. ఈసారి నివేదికలో ఎక్కువ చోటు ఒక ఇంజనుకీ, ఒక మనిషికీ ఇచ్చాను.

ముందు ఇంజను సంగతి. దివిసీమ వైపు ఒక ఊళ్లో ఎప్పుడో మూతపడ్డ హల్లర్ మిల్లు (వడ్లు ఆడే పాతకాలం మిల్లు) ఉంది. ఆ మిల్లు కట్టినాయన మనవడు జూన్‌లో ఫోన్ చేసి, "రేకులు, షాఫ్టు, ఇంజను అన్నీ ఎల్లుండి కాటాకు వేసేస్తున్నామండీ, మీకు పనికొచ్చేదేమైనా ఉంటే వచ్చి చూసుకోండి" అన్నాడు. సాయంత్రానికల్లా నలుగురం అక్కడున్నాం. ఇంజను గది తలుపు సగం కంటే ఎక్కువ తెరుచుకోలేదు. లోపల మోకాలి లోతు పాత ఊక, పైన గబ్బిలాలు. సెల్‌ఫోన్ లైటు వేసి చూస్తే ఊకలోంచి రెండు పెద్ద ఫ్లైవీళ్లు (ఇంజనుకు ఉండే బరువైన చక్రాలు) సగం బయటికి కనిపించాయి. నేమ్ ప్లేట్ ఎవరో ఎప్పుడో ఊడబీక్కుపోయారు. అయినా ఆ ఆకారం చూడగానే మన మేస్త్రీగారు "లిస్టర్ బాపతు" అనేశారు.

కొత్త సభ్యుల కోసం రెండు ముక్కలు. ఇంగ్లండ్‌లోని డర్స్లీ అనే ఊళ్లో లిస్టర్ కంపెనీ 1930 ప్రాంతంలో ఈ నమూనా ఇంజన్లు మొదలుపెట్టి, 1987 దాకా చేసింది. అదే నమూనాలో మన దేశంలో, ముఖ్యంగా రాజ్‌కోట్ ఫౌండ్రీల్లో, లెక్కలేనన్ని తయారయ్యాయి. ఒకటే సిలిండర్, 6 గుర్రాల శక్తి, నిమిషానికి 650 చుట్లు. ఇవాళ మనం తొక్కే బైకు ఇంజను ఊరికే నిలబడి ఉన్నప్పుడే నిమిషానికి వెయ్యి దాటి తిరుగుతుంది. ఇది మాత్రం నిండా పని చేస్తూ కూడా 650 దాటదు. అందుకే దాని ప్రతి దెబ్బా విడివిడిగా వినిపిస్తుంది. పొలాలకు నీళ్లు తోడినవీ, వడ్లు ఆడినవీ, పిండిమరలు తిప్పినవీ, టూరింగ్ టాకీసుల్లో కరెంటు ఇచ్చినవీ ఇలాంటి ఇంజన్లే.

మనవడు మంచివాడు. పాత ఇనుము ధరకే మనకిచ్చాడు, లోడు ఎత్తించడానికి మనుషుల్ని కూడా పిలిచాడు. మేం తాళ్లు కడుతుంటే వాళ్ల నాయనమ్మగారు కర్ర పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఇంజను చల్లబడటానికి పక్కన సిమెంటు తొట్టి ఉండేది కదా, సాయంత్రం మిల్లు ఆపాక ఆ తొట్టిలో వేడినీళ్ల కోసం చుట్టుపక్కల ఆడవాళ్లు బిందెలతో వచ్చేవారట. పిల్లలందరికీ ఆ నీళ్లతోనే స్నానాలు. సంక్రాంతి ముందు రాత్రిళ్లు కూడా మిల్లు ఆడేది కాబట్టి ఆ చప్పుడులోనే నిద్రపోయేవాళ్లమనీ, మధ్యలో ఇంజను ఆగిపోతే ఇంటిల్లిపాదికీ మెలకువ వచ్చేసేదనీ చెప్పారు. ఈ మాటలు ఆమె అనుమతితో రికార్డు చేసి మన దగ్గర ఉంచాం. ఇంజనుతో పాటు దాని కథ కూడా తెచ్చుకోవాలని మూడేళ్ల కిందట తీర్మానం చేసుకున్నాం. ఆ తీర్మానం ఎంత అవసరమైనదో నాకు ఆ సాయంత్రం పూర్తిగా అర్థమైంది.

ఆటోనగర్‌లో మన షెడ్డుకు తెచ్చాక చూస్తే పిస్టన్ పూర్తిగా పట్టేసింది. హెడ్ విప్పి, సిలిండర్‌లో డీజిల్, కిరోసిన్ కలిపి పోసి మూతపెట్టాం. రెండో రోజు కదల్లేదు, నాలుగో రోజూ కదల్లేదు. కుర్రాళ్లు జాకీ పెట్టి నెట్టేద్దామన్నారు. మేస్త్రీగారు ఒప్పుకోలేదు. "దానికి తొందర లేదు బాబూ, తొందరంతా మనదే" అని, రోజూ పొద్దున వచ్చి టేకు చెక్క ముక్క పిస్టన్ మీద ఆనించి, సుత్తితో నాలుగు దెబ్బలు మెల్లగా కొట్టి, మళ్లీ నూనె పోసి వెళ్లిపోయేవారు. తొమ్మిదో రోజు దెబ్బకి చెక్క కింద చప్పుడు మారింది. అక్కడున్న వాళ్లందరికీ ఆ తేడా వినిపించింది. పిస్టన్ వెంట్రుకవాసి దిగింది. సాయంత్రానికి ఫ్లైవీల్ చేత్తో తిరిగింది. ఆ రోజు షెడ్డులో కేకలు విని పక్క బోరింగ్ షాపు వాళ్లు కూడా పరుగెత్తుకొచ్చారు.

రింగులు అరిగిపోయాయి, మార్చాం. బోరు (సిలిండర్ లోపలి గోడ) మాత్రం ఇంకా బాగానే ఉంది. వాల్వులు పేస్టు పెట్టి గ్రైండింగ్ చేశాం. ట్యాంకు కడిగి, పైపుల్లో గాలి తీశాక, ఫ్లైవీల్ చేత్తో తిప్పితే నాజిల్ దగ్గర "కిర్రు" మనాలి. ఆ చప్పుడొస్తే నాజిల్ డీజిల్‌ని సన్నగా చిమ్ముతున్నట్టు లెక్క. రాకపోతే హ్యాండిల్ ఎంత తిప్పినా చేతుల నొప్పులే మిగులుతాయి. మనకు మూడోసారికి వచ్చింది.

స్టార్ట్ చేసే పద్ధతి కూడా ఇక్కడే రాసి పెడుతున్నాను, ఎందుకంటే ఇది తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారు. ఒకరు హ్యాండిల్ తిప్పుతుంటే ఇంకొకరు వాల్వు లేపే లివర్ పట్టుకోవాలి. వాల్వు తెరుచుకుని ఉంటే సిలిండర్లో గాలి అణగదు కాబట్టి హ్యాండిల్ తేలిగ్గా తిరుగుతుంది. ఫ్లైవీళ్లు బాగా వేగం అందుకున్నాక లివర్ వదిలేయాలి. బొటనవేలు ఎప్పుడూ హ్యాండిల్ చుట్టూ వేయకూడదు, మిగతా వేళ్ల పక్కనే ఉంచాలి. ఇంజను ఎదురుతన్నితే మణికట్టు విరుగుతుంది. మొదట తెల్లటి పొగ, ఒక దెబ్బ, కాస్త ఆగి ఇంకో దెబ్బ, ఆ తర్వాత వరసగా అందుకుంది. నేల కింద నుంచి పాదాలకు ఆ అదురు తెలిసింది. మేస్త్రీగారు ఏమీ మాట్లాడకుండా బ్లాకు మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు అలాగే నిలబడ్డారు.

ఆయన జనవరిలో మనల్ని విడిచి వెళ్లారు. ఆటోనగర్ అప్పుడప్పుడే వెలుస్తున్న రోజుల్లో పదిహేనేళ్ల కుర్రాడిగా వచ్చి, లారీ ఇంజన్ల దగ్గర పని నేర్చుకుని, చివరి దాకా ఆ చేతులతోనే బతికిన మనిషి. మన సంఘం దగ్గర ఏనాడూ కూలి తీసుకోలేదు, టీ మాత్రం తానే తెప్పించేవారు. సిలిండర్ లోపల వేలు పెట్టి తిప్పి, ఎక్కడ ఎంత అరిగిందో చెప్పేవారు. తర్వాత గేజ్ పెట్టి చూస్తే సరిపోయేది. ఆయన పోయిన వారం రోజులకు నేను షెడ్డు తాళం తీస్తే బల్ల మీద ఆయన ఫీలర్ గేజ్ (సన్న సందులు కొలిచే రేకుల కట్ట), నూనెగుడ్డలో చుట్టి, ఉన్నచోటే ఉంది. దాన్ని వాళ్లబ్బాయికి ఇవ్వబోతే, "నాన్న అది మీకే ఇచ్చినట్టు ఉంచండి" అన్నాడు. సంఘం తరఫున ఆ కుటుంబానికి మన సానుభూతి, కృతజ్ఞతలు తెలుపుతున్నాం.

నిజం చెప్పాలంటే ఈ విషయంలో మనం ఆలస్యం చేశాం. ఆయన పని చేస్తుండగా వీడియోలు తీయాలని రెండేళ్లుగా అనుకుంటున్నాం, తీసింది మాత్రం ఈ ఒక్క ఇంజను పనినే. మాగ్నెటో (స్పార్కుకు కరెంటు పుట్టించే భాగం) రీవైండింగ్, పాత స్పోకు చక్రాల అలైన్‌మెంట్, వైట్‌మెటల్ బేరింగు (షాఫ్టు తిరిగే చోట ఉండే మెత్తటి లోహపు తొడుగు) పోసి చెక్కడం, ఇవి తెలిసిన పెద్దలు మన ఊళ్లో ఇంకా ఉన్నారు. బండ్లు దొరుకుతూనే ఉంటాయి, పాడైన భాగం లేత్ మీద చేయించుకోవచ్చు. దాన్ని ఎలా చేయాలో తెలిసిన చెయ్యి పోతే ఎక్కడ తెచ్చుకుంటాం? కొత్తగా ఇంకో బండి కొనడం కంటే ఈ పెద్దల దగ్గర కూర్చోవడానికే వచ్చే ఏడాది నిధులు వాడాలని కార్యవర్గం గట్టిగా కోరుతోంది.

సభ్యుల బండ్ల విషయానికొస్తే, ఈ ఏడాది పూర్తయిన వాటిలో నాకు బాగా నచ్చింది మన చెల్లాయి ఒకామె బాగుచేసుకున్న తాతగారి జావా బైకు. ఆమె బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తూ నెలకు రెండు వారాంతాలు బస్సెక్కి వచ్చేది. కిక్, గేరు రెంటికీ ఒకటే లివర్ అని తెలియక మొదటి రోజు కిక్ రాడ్ కోసం బండి చుట్టూ వెతికింది. లివర్‌ను లోపలికి నొక్కి పైకి తిప్పి చూపిస్తే ఆ ముఖంలో వెలుగు చూడాలి. పాయింట్ల (స్పార్కు కోసం తెరుచుకుని మూసుకునే కాంటాక్టుల) మధ్య సందు 0.4 మి.మీ. ఉండాలని నేర్చుకుని, తానే పెట్టుకుని, తానే కిక్ కొట్టి స్టార్ట్ చేసుకుంది. "ఆఫీసులో తప్పు ఎక్కడుందో వెతకడానికి ముప్పై మంది కలిసి మీటింగ్ పెడతాం అన్నయ్యా. ఇక్కడ నా వేలికి తగిలింది" అంది. ఈ పాత సామాను మీద ఇంత ఇష్టం ఎందుకని మనల్ని అందరూ అడుగుతుంటారు. ఆ అమ్మాయి మాట కంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

ఆ బండి విషయంలో ఒక బాధ కూడా ఉంది. ట్యాంకు పక్క మోనోగ్రాములు (కంపెనీ గుర్తు బిళ్లలు) రెండూ క్రోమ్ ప్లేటింగుకి ఇస్తే షాపులో ఒకటి పోగొట్టారు. ఎన్నిసార్లు తిరిగినా "చూస్తాం" అన్నారే తప్ప దొరకలేదు. తాతగారి చెయ్యి తగిలిన వస్తువు అది, దానికి డబ్బు కట్టి సరిపెట్టలేరు. ఇకనుంచి చిన్న భాగమైనా సరే, బయటికి ఇచ్చేముందు ఫోటో తీసి, చీటీ రాయించుకుని ఇవ్వాలని సభ్యులందరినీ కోరుతున్నాను.

జులై రెండో ఆదివారం జావా–యెజ్డీ డే సందర్భంగా బందరు దాకా వెళ్లొచ్చాం. 1961లో మైసూరులో జావాగా మొదలై, 1970లలో యెజ్డీగా పేరు మారి, 1996లో ఫ్యాక్టరీ మూతపడే దాకా వచ్చిన బండ్లలో దాదాపు అన్ని రకాలూ ఆ రోజు కనిపించాయి. ఉయ్యూరు దాటాక ఒక సభ్యుడి యెజ్డీ రోడ్‌కింగ్ ఉన్నట్టుండి పట్టేసింది. బంకులో మాటల్లో పడి పెట్రోలులో టూటీ ఆయిల్ (టూ స్ట్రోక్ ఇంజన్లకు పెట్రోలుతో కలిపే నూనె) కలపడం మర్చిపోయాడు. పిస్టన్‌కి గీతలు పడ్డాయి, బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయాల్సి వచ్చింది. వానలో ఆటోట్రాలీలో ఎక్కించి వెనక్కి పంపాం. మన బండ్లకు లీటరుకు 40 మి.లీ. చొప్పున ముందు ఆయిల్, తర్వాత పెట్రోలు. ఈ వరస అలవాటు చేసుకుంటే ఇలాంటిది జరగదు.

డిసెంబరులో హైదరాబాద్ యాత్ర. చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాం గారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్ చూశాం. 1912 నాటిది, దాని మీటరులో తిరిగింది 356 మైళ్లేనట. అందంగా ఉంది, చాలాసేపు చూశాం. అయితే దారిలో మా మాటలన్నీ ఆర్టీసీ వారు దాచి ఉంచిన పాత ఆల్బియన్ బస్సు మీదికే మళ్లాయి. 1932లో నిజాం స్టేట్ రైల్వే రోడ్డు రవాణా విభాగం 27 బస్సులు, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. ఆ బస్సులు స్కాట్లండ్ నుంచి వచ్చాయి. రాజుగారి కారు పెద్దగా ఎవరినీ ఎక్కించుకోకుండానే మిగిలింది. ఆ బస్సులో సంతకు వెళ్లినవాళ్లు, పెళ్లికి వెళ్లినవాళ్లు, ఆసుపత్రికి వెళ్లినవాళ్లు ఎంతమందో. మన సంఘం మనసు ఎప్పుడూ ఆ బస్సు వైపే ఉండాలని నా కోరిక.

కాగితాల విషయాలు కొన్ని. 2021 జులైలో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపం పెద్దగా మారని టూవీలర్లు, కార్లు వింటేజ్ కింద నమోదు చేయించుకోవచ్చు. పాత నంబరు ఉన్నవాళ్లు అదే ఉంచుకోవచ్చు, కొత్తగా చేయించుకుంటే 'వీఏ' సిరీస్ వస్తుంది. కొత్త నమోదుకు రూ. 20,000, తర్వాత రెన్యువల్‌కి రూ. 5,000, గడువు 10 ఏళ్లు. ఈ బండ్లను రోజువారీ తిరగడానికి వాడకూడదు, ప్రదర్శనలు, ర్యాలీల లాంటి వాటికి మాత్రమే. 2025 ఆగస్టు నుంచి 20 ఏళ్లు దాటిన మామూలు బండ్లకు ఆర్సీ రెన్యువల్ ఫీజు బైకుకు రూ. 2,000, కారుకు రూ. 10,000 అయింది. గడువు దాటకుండా చూసుకోండి.

పెట్రోలులో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలుస్తోంది. అది గాల్లోని తేమను లాక్కుంటుంది, పాత రబ్బరు పైపుల్ని, కార్బురేటర్ ప్యాకింగుల్ని మెత్తబరుస్తుంది. నెలల తరబడి నిలబెట్టే బండి అయితే ట్యాంకు, కార్బురేటర్ ఖాళీ చేయండి, లేకపోతే లోపల తుప్పు ఖాయం. ఈ ఏడాది మన షెడ్డుకు వచ్చిన కార్బురేటర్ రిపేర్లలో చాలావాటికి మూలం ఇదే.

సర్వసభ్య సమావేశం ఈసారి హాల్లో కాకుండా ఆటోనగర్ షెడ్డులోనే పెడుతున్నాం. పొద్దున తొమ్మిదింటికి ఇంజను స్టార్ట్ చేస్తాం. హ్యాండిల్ మన చెల్లాయి తిప్పుతుంది, లివర్ దగ్గర మేస్త్రీగారి అబ్బాయి ఉంటాడు. దివిసీమ నుంచి వాళ్ల నాయనమ్మగారిని కారులో తీసుకొస్తానని మనవడు మాటిచ్చాడు. పక్కన కొత్త తొట్టి కట్టించాం. ముందురోజు సాయంత్రం నీళ్లు నింపడానికి ఇద్దరు సభ్యులు కావాలి, రాగలిగినవాళ్లు నాకు చెప్పండి.

ఇట్లు,
కార్యవర్గం తరఫున
కార్యదర్శి