ప్రాక్టికల్స్‌కు కోత పెట్టి పర్యావరణ ఎమ్మెస్సీనా?

సంపాదకుల వారికి,

పర్యావరణ శాస్త్రం ఎమ్మెస్సీలో ప్రాజెక్టు బదులు రెండు థియరీ పేపర్లు రాసుకోవచ్చన్న ప్రతిపాదన గురించి పది రోజుల కిందట మీ పత్రికలో చదివాను. విద్యార్థుల మీద భారం తగ్గించడానికేనన్న మాట మాత్రం ఇప్పటికీ మింగుడుపడటం లేదు.

ప్రాజెక్టు సంగతి తర్వాత, ఉన్న ప్రాక్టికల్సే టైంటేబుల్లో ఇమడటం లేదు. బీఓడీ, అంటే నీళ్లలోని మురికిని తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ ఎంతో చెప్పే కొలత; మురికి ఎక్కువైతే అదీ ఎక్కువే. ఆ పరీక్షకు నమూనాను 300 మిల్లీలీటర్ల సీసాలో నింపి, 20 డిగ్రీల దగ్గర 5 రోజులు ఇంక్యుబేటర్లో, చీకట్లో ఉంచాలి. సోమవారం పెడితే శనివారం రీడింగు తీయాలి. మంగళవారం పెడితే ఆదివారం. ఆదివారం ల్యాబు తాళం తీసేదెవరు? చివరికి సీసాలు పెట్టిన విద్యార్థి రీడింగు చూడడు, పాత రికార్డులోని అంకెలే కొత్త రికార్డులోకి ఎక్కుతాయి. ఆ మురికిని రసాయనాలతో ఆక్సీకరించడానికి ఎంత ఆక్సిజన్ పడుతుందో చెప్పే సీఓడీ పరీక్ష సంగతి మరీ అన్యాయం. 150 డిగ్రీల దగ్గర 2 గంటలు రిఫ్లక్స్ చేయాల్సిన (ఆవిరి బయటికి పోకుండా మరిగించాల్సిన) పరీక్షకు ఇచ్చేదే 2 గంటల పీరియడ్! అది చల్లారేదెప్పుడు, టైట్రేషన్ చేసి (చుక్కచుక్కగా ద్రావణం కలిపి) లెక్క తేల్చేదెప్పుడు?

చేసి చూస్తేనే పట్టుబడే తప్పులున్నాయి. బీఓడీ సీసా మూత కింద చిన్న గాలిబుడగ చిక్కుకుందనుకోండి. అందులోని ఆక్సిజన్ మెల్లగా నీళ్లలోకి దిగుతుంది, బీఓడీ ఉన్నదానికన్నా తక్కువ వస్తుంది. మురుగునీరు కాగితం మీద మెరుగైన నీరైపోతుంది. నమూనాలో శుభ్రమైన నీళ్లు కలిపి పలచన చేస్తారు కదా, ఆ ఒక్క పలచనతో సరిపెట్టినా చిక్కే. 5 రోజుల తర్వాత సీసాలో లీటరుకు కనీసం 1 మిల్లీగ్రాము ఆక్సిజన్ మిగలాలి, కనీసం 2 మిల్లీగ్రాములు ఖర్చయి ఉండాలి. లేదంటే ఆ ఫలితం పనికిరాదు కాబట్టి మూడు నాలుగు పలచనలు పెట్టుకోవాలి. ఫ్యాక్టరీ నీళ్లలో విషపదార్థాలుంటే సూక్ష్మజీవులు చచ్చిపోయి బీఓడీ పడిపోతుంది. పక్కనే సీఓడీ ఎంతుందో చూడనివాడు ఆ నీళ్లు బాగున్నాయని సంతకం పెట్టేస్తాడు. ఆ సంతకం మీదే అనుమతులు వస్తాయి, ఆ నీళ్లే కాలువలో కలుస్తాయి.

ఇక ప్రాజెక్టు. దాన్ని చివరి సెమిస్టరులోకి నెట్టడమే మొదటి తప్పు. వానలకు వాగు నిండినప్పుడు కాలుష్యం పలచబడుతుంది, ఎండలకు చిక్కబడుతుంది. ఒక్క కాలంలో నాలుగు సీసాలు పట్టి ఆ వాగు మీద తీర్పు చెప్పడం శాస్త్రం కాదు. రెండో సెమిస్టరులోనే అంశం ఖరారు చేస్తే ఏడాది పొడవునా నమూనాలు తీయొచ్చు. గణాంకశాస్త్రం పేపరును ఐచ్ఛికం చేయడం మరో పొరపాటు. రెండు సగటుల మధ్య తేడా నిజమైనదో, నమూనాల హెచ్చుతగ్గుల వల్ల వచ్చిందో తేల్చలేనివాడు నివేదిక ఏం రాస్తాడు? వృక్షశాస్త్రం, భూగోళశాస్త్రం చదివి వచ్చేవాళ్లను చేర్చుకోవాల్సిందే, కానీ మొలారిటీ, నార్మాలిటీ వంటి ద్రావణాల గాఢత లెక్కలు రానివాళ్లకు మొదటి సెమిస్టరులో బ్రిడ్జి కోర్సు పెట్టరేం?

ఇవి తెలిసినవాళ్లను అడగకుండానే సిలబస్‌లు మారిపోతున్నాయి. కమిటీలో కూర్చున్నవాళ్లు ల్యాబులో అడుగుపెట్టి ఎన్నేళ్లయిందో! పరికరాలు కొంటారు, వాటికి రసాయనాలు కొనరు. వైవాలో బైండు చేసిన పుస్తకం తిరగేస్తారు తప్ప, రీడింగులు రాసుకున్న నోటుబుక్కు తెమ్మని అడగరు.

ప్రతిపాదనను వెనక్కి తీసుకోవాలి. వారానికి ఒక రోజంతా ల్యాబుకే ఇవ్వాలి. అది సోమవారం అయితే శనివారం ల్యాబు తెరిచి ఉంచాలి. వైవాలో ఆ నోటుబుక్కు చూపని ప్రాజెక్టుకు మార్కులు వేయకూడదు.

– ఒక పాఠకుడు