కారు నెలనెలా అడగదు

అమ్మలూ,

నువ్వు పంపిన ఖర్చుల కాగితం మొత్తం చదివాను. మీ ఇద్దరి జీతాలు పైన రాసి, కింద అద్దె, సరుకులు, కరెంటు, పాప స్కూలు ఫీజు, మందులు, ఫోన్లు అన్నీ వరసగా పెట్టావు. ఇంటి వరకు ఏదీ వదల్లేదు. కారు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రెండే పద్దులున్నాయి: ఈఎంఐ, పెట్రోలు. డబ్బు ఎక్కడికి పోతోందో తెలియడం లేదని నువ్వు పడుతున్న టెన్షన్‌కి జవాబు ఆ రెండు పద్దుల కింద నువ్వు రాయకుండా వదిలిన చోట ఉంది.

ముందే ఒక మాట చెప్పేస్తే మిగతాది నువ్వు స్థిమితంగా చదువుతావు. కారు అమ్మేయమని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. చిన్నప్పుడు వీధిలో బండి వెళ్తుంటే చూడకుండానే శబ్దాన్ని బట్టి అదేమిటో చెప్పేదానివి. ఇన్నేళ్లకి నీ సంపాదనతో, ఓపిగ్గా వెతికి, మంచి కండిషన్‌లో ఉన్న స్పోర్ట్స్ కారు కొనుక్కున్నావు. అది నీ దగ్గర చాలాకాలం ఉండాలని నాకూ ఉంది. అలా ఉండాలంటే దాని లెక్క ఇంటి లెక్కలో కలవకూడదు.

సర్వీస్ సెంటర్ బిల్లింగ్ కౌంటర్‌లో పని చేసినదాన్ని కాబట్టి ఇది గట్టిగా చెప్పగలను. ఖరీదైన బండ్ల వాళ్లలో బిల్లు చూసి కంగారుపడేవాళ్లు అందరూ డబ్బులేని వాళ్లు కాదు. ఆ బిల్లు ఏ నెలలో వస్తుందో ఆలోచించి పెట్టుకోనివాళ్లు. ఇల్లు నెలనెలా అడుగుతుంది, అందుకే దానికి మనం అలవాటుపడిపోతాం. కారు అలా అడగదు. నెలల తరబడి పెట్రోలు తప్ప ఏమీ వద్దన్నట్టే ఉంటుంది. తర్వాత ఒకే నెలలో టైర్లు, బ్రేక్ ప్యాడ్లు, ఇన్సూరెన్స్ రెన్యూవల్ కలిసి వస్తాయి. ఆ నెల క్రెడిట్ కార్డు గీకుతాం, ఆపై నెలల్లో సరుకుల డబ్బు కార్డు వడ్డీకి పోతుంది. నీ కాగితంలో జరుగుతున్నది అదే.

కాబట్టి కారు అడగకపోయినా నెలనెలా దాని వాటా తీసి పక్కన పెట్టాలి. దానికోసం ఒక సేవింగ్స్ ఖాతా వేరుగా తెరువు. జీతం పడిన మర్నాడే అందులోకి డబ్బు దానంతటదే వెళ్లేలా బ్యాంకులో పెట్టించు. నెలాఖరుకి మిగిలితే వేద్దాం అనుకుంటే ఎప్పటికీ మిగలదు.

ఎంత వెయ్యాలో తెలియాలంటే ముందు టైర్లతో మొదలుపెట్టు, ఎక్కువమంది మర్చిపోయేది వాటినే. మామూలు కార్లో ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి మార్చి నాలుగూ సమానంగా అరిగేలా చూసుకుంటారు. చాలా స్పోర్ట్స్ కార్లకి వెనక టైర్లు ముందువాటికంటే వెడల్పు. అలా మార్చడానికి కుదరదు. పైగా రోడ్డుని గట్టిగా పట్టుకోవడానికి మెత్తటి రబ్బరు వాడతారు, అది త్వరగా అరుగుతుంది. వెనక చక్రాలకే ఇంజన్ శక్తి వెళ్లే బండయితే వెనకవి ఇంకా ముందుగా పోతాయి. వెనక జత ఏడాదిన్నర వస్తుందనుకుంటే దాని ధరని 18తో భాగించు. ముందు జత మూడేళ్లు వస్తుందనుకుంటే 36తో భాగించు. ఆ రెండూ కలిపితే టైర్ల నెల వాటా వస్తుంది. బండి ఎక్కువ తిప్పకపోతే టైరు అరగదుగా అంటావేమో. రబ్బరుకి వయసు కూడా ఉంటుంది. టైరు పక్కన DOT అనే ఇంగ్లీషు అక్షరాలున్న వరస చివర నాలుగంకెలుంటాయి. మొదటి రెండూ తయారైన వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2321 అని ఉంటే 2021లో 23వ వారంలో చేసినదన్నమాట. గీతలు ఎంత లోతుగా ఉన్నా, అయిదేళ్లు దాటినవాటిని ఏటా మెకానిక్‌కి చూపించాలి. పదేళ్లు దాటినదాన్ని ఉంచుకోకూడదు.

ఇదే పద్ధతి మిగతావాటికీ. బ్రేక్ ఫ్లూయిడ్, అంటే పెడల్ నొక్కిన ఒత్తిడిని చక్రాల బ్రేకుల దాకా చేరవేసే ద్రవం, చిన్న ఖర్చే, కానీ దాన్ని వాయిదా వెయ్యొద్దు. అది గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు, తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకి దిగుతుంది. నువ్వు వేగంగా వెళ్లి గట్టిగా బ్రేకు వేసే మనిషివి. ఫ్లూయిడ్ మరిగితే పెడల్ మెత్తబడిపోయి బ్రేకు పట్టదు. చాలా బండ్లకి రెండేళ్లకోసారి మార్చమంటారు. ఇది డబ్బు లెక్క కాదు తల్లీ, దీని గడువు మాత్రం ఎప్పుడూ దాటనివ్వకు.

పెద్ద సర్వీసు సంగతి మాన్యువల్లో ఉంటుంది. ఎన్ని కిలోమీటర్లకి, ఎన్నేళ్లకి ఏమేం మార్చాలో చూసి, ఏది ముందొస్తే అది లెక్కలోకి తీసుకో. కారు కొత్తగా ఉన్నప్పుడు ఎంత ధర పలికిందో, స్పేర్లూ లేబరూ ఇప్పటికీ ఆ ధర స్థాయిలోనే ఉంటాయి. నువ్వు సెకండ్ హ్యాండ్‌లో తక్కువకి కొన్నావని సర్వీస్ సెంటర్ వాళ్లు తగ్గించరు. మోడల్‌ని బట్టి పని కూడా మారుతుంది. 1994లో వచ్చిన ఫెరారీ ఎఫ్355లో టైమింగ్ బెల్ట్ (ఇంజన్ లోపలి భాగాలు ఒకదానితో ఒకటి కలిసి తిరిగేలా చూసే బెల్టు) మార్చాలంటే ఇంజన్‌నే కిందికి దించాలి. 1989లో వచ్చిన మజ్దా ఎంఎక్స్-5 కూడా స్పోర్ట్స్ కారే, కానీ బరువు టన్ను లోపు. బరువు తక్కువైతే టైర్లు చిన్నవి, బ్రేకుల మీద భారం తక్కువ, ఖర్చూ తక్కువ. స్పోర్ట్స్ కారు అనగానే అన్నిటికీ ఒకే ఖర్చు అనుకోకూడదని ఇదంతా చెప్తున్నా. స్నేహితుల బండి ఖర్చు విని నీది అంచనా వెయ్యకు. నీ మోడల్‌కి రేటు ఎంతో నువ్వే అడిగి తెలుసుకో.

ఇన్సూరెన్స్ ఏడాది ప్రీమియాన్ని 12తో భాగించు. క్లెయిమ్ చేసినప్పుడు మన చేతినుంచి కట్టాల్సిన భాగం ఒకటుంటుంది, డిడక్టిబుల్ అంటారు. అది ఎక్కువ పెట్టుకుంటే ప్రీమియం తగ్గుతుంది. అలా పెట్టుకోవడం మంచిదే, కాకపోతే ఆ మొత్తం కారు ఖాతాలో ఎప్పుడూ ఉండాలి. సైలెన్సర్, సస్పెన్షన్, ఇంజన్ ట్యూనింగ్ లాంటివి ఏం మార్చినా ఇన్సూరెన్స్ వాళ్లకి ముందే చెప్పు. దాచిపెడితే ప్రమాదం జరిగిన రోజున క్లెయిమ్ తిరస్కరించే వీలు వాళ్లకి దొరుకుతుంది. రేస్ ట్రాక్ మీద నడపాలని నీకు సరదా ఉందని తెలుసు. మామూలు పాలసీలు చాలావరకు ట్రాక్ మీద జరిగినదానికి చెల్లవు, ఆ షరతు చదివాకే వెళ్లు.

అన్నీ కలిపి వచ్చిన నెల వాటా చూస్తే నీకు దిగులేస్తుందని తెలుసు. అది ఈఎంఐకి దగ్గరగా వచ్చినా ఆశ్చర్యపోకు. ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన విషయానికి వస్తాను.

ఆ మొత్తాన్ని రెండుగా విడగొట్టు. మీ ఇంటికి ఎలాగూ ఒక కారు కావాలి. ఆఫీసు, పాప స్కూలు, ఆస్పత్రి ఉండనే ఉన్నాయి. మామూలు కారు ఉంటే దానికి ఈఎంఐ, పెట్రోలు, సర్వీసు అన్నీ కలిపి నెలకి ఎంతయ్యేదో లెక్కకట్టి, ఆ మేరకు ప్రయాణం అని రాయి. అది ఇంటి అవసరమే. దాని పైన పడే ప్రతి రూపాయీ నీ ఇష్టం. దాన్ని అవసరాల్లో రాయకు. జీతంలో నూటికి 50 వంతులు అవసరాలకి, 30 ఇష్టాలకి, 20 పొదుపుకి అనే లెక్క చాలామంది వాడతారు. నీ కాగితంలో కారు ఖర్చంతా ఆ 50లో ఉంది. అందుకే పొదుపు వరసలో ఏమీ మిగల్లేదు, పాపకి కొత్త బూట్లు కొనడం కూడా బరువనిపించింది. ఇష్టం వాటాని ఆ 30లోకి తీసుకురా. అందులో సగం దాటకపోతే నీ కారు నీకు భారం కాదని నా నమ్మకం. మిగతా సగం అల్లుడుగారి సరదాలకి, పాపకి, మీరు ముగ్గురూ కలిసి వెళ్లే ఊళ్లకి. ఈ లెక్క ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని వెయ్యి. ఆయనకి కార్ల పిచ్చి లేదు, కానీ నీ ఆనందం కోసం ఇన్నాళ్లూ నోరెత్తలేదు. ఎంత ఖర్చవుతోందో దాచకుండా చెప్తే ఆయన తప్పకుండా సహకరిస్తారు. తెలియకుండా పోతున్న డబ్బే మొగుడూపెళ్లాల మధ్య గొడవ పెడుతుంది.

ఇంకో కట్టుబాటు పెట్టుకో. అత్యవసరం కోసం ఆర్నెల్ల ఇంటి ఖర్చు దాచుకున్న డబ్బుంటుందే, దాన్ని కారు కోసం ముట్టుకోవద్దు. ఇంటికి కష్టమొస్తే కారు ఖాతాలోంచి తీసుకోవచ్చు. కారుకి కష్టమొస్తే కారు ఆగాలి. డబ్బు పోగయ్యేదాకా కవరు కప్పి గ్యారేజీలో ఉంచితే దానికేమీ అవమానం కాదు. అలా ఆపినప్పుడు బ్యాటరీకి చిన్న ఛార్జర్ తగిలించి ఉంచు. అలారం, కంప్యూటర్లు ఆపి ఉంచినా కొంత కరెంటు తాగుతూనే ఉంటాయి. ఛార్జర్ ఖరీదు బ్యాటరీ ఖరీదు ముందు చాలా తక్కువ.

పెట్రోలు గురించి ఎక్కువ చెప్పను, నీకే బాగా తెలుసు. మాన్యువల్లో హై ఆక్టేన్ పెట్రోలు (బంకులో ఎక్కువ ధరకి అమ్మే ప్రీమియం రకం) తప్పనిసరి అని ఉంటే అదే పోయించు, అక్కడ పొదుపు చెయ్యకు. తప్పనిసరి అని లేకపోతే ఎక్కువ పెట్టి కొనడంలో లాభం లేదు. వేగం విషయం మాత్రం చూసుకో. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది, గంటకి 100 కిలోమీటర్ల నుంచి 120కి వెళ్తే ఆ అడ్డు 44 శాతం ఎక్కువ. రోజూ ఆఫీసుకి వెళ్లే దారిలో ఆ ఇరవై అవసరమా అని నువ్వే ఆలోచించు. దగ్గర దగ్గర పనులకి దాన్ని తియ్యకపోవడం కూడా మంచిది. ఇంజన్ సరిగా వేడెక్కకుండానే ఆపేస్తుంటే ఆయిల్‌లో తేమ, పెట్రోలు చేరి దాని గుణం దెబ్బతింటుంది.

లోను గురించి ఒక్కటే. బ్యాంకుకి ఫోన్ చేసి ఇవాళ మొత్తం తీర్చేయాలంటే ఎంతవుతుందో అడుగు. అలాగే ఇప్పుడు కారు అమ్మితే ఎంత వస్తుందో ఇద్దరు ముగ్గురిని అడుగు. అప్పు ఎక్కువ, ధర తక్కువ ఉంటే బోనస్ వచ్చినప్పుడల్లా ముందు ఆ తేడా పూడ్చు, కొత్త రిమ్ములు తర్వాత. ఆ తేడా ఉన్నంతకాలం అమ్మాలనుకున్నా మనం స్వేచ్ఛగా అమ్మలేం.

అమ్మే మాట ఎప్పుడు అనుకోవాలో కూడా రాస్తున్నాను, మనసు చివుక్కుమంటుందని తెలిసినా. వరసగా మూడు నెలలు కారు ఖాతాలో వాటా వెయ్యలేకపోతే, లేదా దాని కోసం పాప ఫీజు ఆలస్యమైతే, అప్పుడు కూర్చుని మాట్లాడుకుందాం. అప్పటికీ తొందరపడి వచ్చిన ధరకి ఇచ్చెయ్యొద్దు. సర్వీసు బిల్లులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టుకుంటూ వస్తే కొనేవాళ్లకి నమ్మకం కలుగుతుంది, మంచి ధర పలుకుతుంది. ఆ ఫైల్ ఇవాళే మొదలుపెట్టు.

ఆదివారం మాన్యువల్, పాత బిల్లులు, ఇన్సూరెన్స్ కాగితం ముందేసుకుని ఫోన్ చెయ్యి. అల్లుడుగారిని కూడా ఉండమను. నెల వాటా ఎంతో ముగ్గురం కలిసి తేల్చేద్దాం.

ప్రేమతో,
అమ్మ