ముద్ద దిగకపోవడం గురించి నాన్నగారికి

డల్లాస్

పూజ్యులైన నాన్నగారికి నమస్కారములు.

రక్తపరీక్షలో ఇసినోఫిల్స్ అనే తెల్లరక్తకణాలు మామూలుగానే ఉన్నప్పుడు ఈ జబ్బేమిటని మీరు అడిగారు. మన వైపు ఆ కణాలు పెరిగాయంటే కడుపులో పురుగులో, ఉబ్బసమో అనుకోవడం పరిపాటి కనుక మీ సందేహం సహజమే. ఇసినోఫిలిక్ ఈసోఫాజైటిస్‌లో అవి రక్తంలో పెరగకపోయినా ఆహారవాహిక గోడలో చేరి వాపు తెస్తాయి. నాకు జరుగుతున్నది పొలమారడం కాదు. నమిలి మింగిన ముద్ద రొమ్ము దగ్గర నిలిచిపోయి, నీళ్లు తాగినా కిందికి దిగదు. ఎండోస్కోపీలో ఉంగరాల వంటి ముడతలు, నిలువు చారలు కనిపించాయి. పలుచోట్ల తీసిన చిన్న ముక్కలను మైక్రోస్కోపు కింద చూస్తే, ఒకేసారి కంటికి కనిపించే మేరలో జబ్బుగా లెక్కించే 15 కణాల హద్దును మించి ఉన్నాయి. 1990లలో గాని దీన్ని వేరే జబ్బుగా గుర్తించలేదు కాబట్టి మన ఊరి డాక్టరుగారు వినలేదంటే ఆశ్చర్యం లేదు.

ఇది తిండి పడక వచ్చే అలర్జీ అయితే చేతిమీద సూదితో గుచ్చి తేల్చవచ్చు కదా అని అమ్మ అన్నది. ఇది తిన్న వెంటనే దద్దుర్లు లేచే తరహా కాదు, నెమ్మదిగా ముదిరేది. అందువల్ల ఆ పరీక్షను నమ్ముకొని ఏది మానాలో నిర్ణయించలేరు. అనుమానం ఉన్నదాన్ని కొన్ని వారాలు మాని, మళ్లీ ఎండోస్కోపీ చేసి చూడటమే మార్గం. పాలు, గోధుమ, గుడ్డు, సోయా, వేరుశనగ జీడిపప్పు వంటివి, చేపలు రొయ్యలు అనే ఆరింటినీ ఒకేసారి మాన్పించడం పాత పద్ధతి. పెద్దవాళ్లలో పాలు ఒక్కటే మానినా దాదాపు అంతే ఫలితం ఉంటుందని 2023లో ఇక్కడి పరిశోధన ఒకటి చూపింది కనుక, నాకు పాలతోనే మొదలుపెట్టారు.

అమ్మకు కష్టంగా తోచేది ఇదే. పెరుగు, మజ్జిగ కూడా పాలకిందికే వస్తాయి. తోడుపెట్టినంత మాత్రాన అందులోని అలర్జీ తెచ్చే ప్రోటీను పోదు. ఎంత బాగా కాచిన నేతిలోనైనా దాని ఆనవాళ్లు ఉండవచ్చు కనుక, ఈసారి నేతి సీసా పంపవద్దని చెప్పండి. పప్పు, పులుసు, నువ్వులనూనెతో కలిపిన ఆవకాయ అన్నం నిరభ్యంతరంగా తింటున్నాను. రేపు గోధుమ కూడా మానవలసి వస్తే ఇంగువ డబ్బీ చదివి కొనాలి, చాలా రకాల్లో గోధుమపిండి కలుపుతారు.

మందుగా బుడెసొనైడ్ ఇచ్చారు. స్టెరాయిడ్ అని మీరు కంగారు పడనక్కర లేదు, అది ముఖ్యంగా ఆహారవాహిక గోడమీదే పనిచేస్తుంది; అందుకే మింగాక అరగంట వరకు నీళ్లు కూడా తాగకూడదు. దీనికి లొంగకపోతే 2022లో ఇక్కడ ఈ జబ్బుకు అనుమతి పొందిన డుపిలుమాబ్ ఇంజెక్షను ఉంది, అయితే దాని ఖరీదు చాలా ఎక్కువ.

ఒక పని మీవల్ల కావాలి. కొన్ని మందులు పడకపోయినా జీర్ణకోశంలో ఈ కణాలు చేరవచ్చట, అందుకని నాకు ఏవి పడవో డాక్టరు అడిగారు. చిన్నప్పుడు జ్వరానికి వేసిన ఏదో మాత్రతో ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని అమ్మ చెబుతుంటుంది. బీరువాలో ఆ పాత మందుచీటీలు ఉంటే ఫోటో తీసి పంపగలరు.

ఇట్లు
మీ కుమార్తె