ఇడ్లీ సాంబార్ తినమని చెబితే సరిపోదు

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ప్రయాణాల్లో తిండి జాగ్రత్తల మీద వచ్చిన వ్యాసం చదివాను. పోనీలే అని ఊరుకుందామనుకున్నాను గానీ నా వల్ల కాలేదు. గోధుమ పడనివాళ్ల గురించి అందులో రాసింది రెండే ముక్కలు. అన్నం తినే ఆంధ్రాలో వాళ్లకు ఏ ఇబ్బందీ ఉండదట, ఇడ్లీ సాంబారో ఉప్మా పెసరట్టో తిని హాయిగా తిరిగి రావచ్చట. ఉప్మా పెసరట్టు! బొంబాయి రవ్వ గోధుమల నుంచే వస్తుందన్న సంగతి రాసినవారికి తెలియకపోతే పోయె, అచ్చుకి పంపేముందు మీ ఆఫీసులో ఒక్కరికైనా తట్టలేదా?

మా అమ్మాయికి సీలియాక్ జబ్బు. విశాఖలో చదువుకుంటోంది, సెలవులకు విజయవాడ వచ్చి పోతుంటుంది. గోధుమలో, బార్లీలో ఉండే గ్లూటెన్ అనే మాంసకృత్తు లోపలికి వెళ్తే ఒంట్లోని రక్షణ వ్యవస్థే చిన్నపేగు మీద తిరగబడుతుంది. తిన్నది వంటబట్టదు, రక్తం తగ్గిపోతుంది, కడుపు ఉబ్బరం, విరేచనాలు, నీరసం. మందు లేదు. బతికినంత కాలం ఆ తిండి మానేయడమే వైద్యం. ఇది సన్నబడటానికి సినిమావాళ్లు చేసే డైటింగ్ కాదు. ఉత్తరాదితో పోలిస్తే మనవైపు ఈ జబ్బు తక్కువే, ఒప్పుకుంటాను. తక్కువ కాబట్టే ఎవరికీ పట్టదు. చివరికి రక్తపరీక్ష, ఎండోస్కోపీ చేసి తేల్చేదాకా మా పిల్లకి గ్యాస్ మాత్రలే గతి అయ్యాయి.

ఇక మీవాళ్లు చెప్పిన ఇడ్లీ సాంబార్ సంగతి. ఇడ్లీలో గోధుమ ఉండదు, నిజమే. సాంబారులో ఇంగువ మాటేమిటి? మన బజార్లో డబ్బాల్లో అమ్మేది అసలు ఇంగువ కాదు, కూటు ఇంగువ. అసలుది ఘాటెక్కువని జిగురు, పిండి కలిపి అమ్ముతారు. ఇంట్లో ఉన్న డబ్బా తిప్పి చదవండి. చాలావాటి మీద మైదా అనో గోధుమ పిండి అనో సన్నటి అక్షరాల్లో ఉంటుంది. సాంబారు, రసం, పులిహోర, చట్నీ తాలింపు, అన్నిట్లోనూ అదే పడుతుంది. మేం ఇంట్లో బియ్యప్పిండి కలిపిన ఇంగువ వెతికి మరీ తెచ్చుకుంటాం. బస్టాండు క్యాంటీనులో ఏ ఇంగువ వాడుతున్నారని అడిగితే మనిషిని కింద నుంచి పైకి చూస్తారు.

మొన్న హైదరాబాద్ వెళ్తుంటే దారిలో బస్సు ఆపిన హోటల్లో ఉత్త పెసరట్టు వేయమన్నాం. పెనం మీద అప్పుడే చపాతీలు తీశాడు, పొడిపిండి ఇంకా మాడుతోంది. దాని మీద కాసిని నీళ్లు చల్లి, చీపురుకట్టతో ఓ ఊడ్పు ఊడ్చి, పెసరపిండి పొయ్యబోయాడు. ఆపి, వేరే పెనం లేదా అని అడిగితే, ‘ఇంత పిండికి ఏమైద్ది బాబాయ్’ అన్నాడు. ఆ కుర్రాణ్ణి అనడానికేం లేదు, అతనికి ఎవరు చెప్పారు గనక. మా అమ్మాయి అరటిపళ్లు తిని బస్సెక్కింది. గారెలు తినమంటారేమో! పూరీలు, మైసూర్ బజ్జీలు దేవిన నూనెలోనే కదా అవీ వేగేది. దోసెలు ఎర్రగా రావాలని పిండిలో మైదా కలిపేవాళ్లూ ఉన్నారు. విశాఖ రైల్లో అన్నవరం ప్రసాదం ఎవరైనా పెడితే కళ్లకద్దుకుని పక్కవాళ్లకి ఇచ్చేస్తుంది. అదీ గోధుమ నూకే.

చట్టాలు లేవా అంటే ఉన్నాయి. గ్లూటెన్ ఉండే ధాన్యం వాడితే ఆ సంగతి ప్యాకెట్ మీద విడిగా చెప్పాలని 2020 నాటి లేబులింగ్ నిబంధనలు చెబుతున్నాయి. గ్లూటెన్ ఫ్రీ అని వేసుకోవాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు దాటకూడదు. హోటళ్లు కూడా పడని పదార్థాల వివరం చెప్పాలట, కాకపోతే పది లేదా అంతకు మించి చోట్ల శాఖలున్న పెద్దవాళ్లకీ, కేంద్రం ఇచ్చే ఆహార లైసెన్సు ఉన్నవాళ్లకీ మాత్రమే. అంటే మాల్‌లో పిజ్జా తినేవాడికి వివరాలు, బస్టాండులో టిఫిన్ తినేవాడికి దేవుడే దిక్కు. షుగర్ ఉన్నవాళ్లకీ పసిపిల్లలకీ రైళ్లలో వేరే తిండి పెట్టవచ్చని రైల్వే బోర్డు 2022లో చెప్పింది. సంతోషం. ఆ జాబితాలోకి మా పిల్లలాంటివాళ్లు ఎప్పటికి ఎక్కుతారో.

2023 చిరుధాన్యాల సంవత్సరం అన్నారు గదా, ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. జొన్న, సజ్జ, రాగి, కొర్ర, దేంట్లోనూ గ్లూటెన్ లేదు. ఆ పేరుతో స్టాళ్లు వెలిశాయి. ఒకచోట రాగి బిస్కెట్ ప్యాకెట్ తీసుకుని వెనక్కి తిప్పితే మొదటి పేరే మైదా! ఫొటోలకి నిలబడ్డ పెద్దలెవరూ ప్యాకెట్ తిప్పి చూసినట్టు లేదు. మన అధికారుల తనిఖీలు ఎప్పుడూ ఇంతే. దసరాకి ముందు కెమెరాలతో వస్తారు, ఫ్రిజ్‌లో పాత మాంసం తీసి చూపిస్తారు, వెళ్లిపోతారు. వంటలో ఏం వేశారో అడిగి రాసుకున్న పాపాన పోలేదు. ఒకప్పుడు హోటల్ యజమాని కౌంటర్లో కూర్చుని అడిగిందానికి జవాబు చెప్పేవాడు. ఇప్పుడు కౌంటర్లో స్కానర్ ఉంది, దాన్నేం అడుగుతాం?

మేం అడిగేది ప్రత్యేక వంటగది కాదు. విజయవాడ బస్టాండులో, రైల్వే స్టేషన్లో తిండి అమ్మే ప్రతి చోటా గోధుమ, మైదా, రవ్వ, కూటు ఇంగువ పడిన పదార్థాలేవో తెలుగులో బోర్డు మీద రాయాలి. అట్లకి విడిగా ఒక పెనం పెట్టాలి. స్టాళ్లకి టెండర్లు పిలిచేటప్పుడు షరతుల్లో ఈ రెండు లైన్లు చేరిస్తే అయిపోతుంది. అద్దె ఆలస్యమైతే ఎంత జరిమానో పైసలతో సహా రాయగలిగినవాళ్లకి ఇదో పెద్ద పని కాదు.

- కె.వి.ఎస్., సత్యనారాయణపురం, విజయవాడ