అదనపు లైట్ల గురించి మీ పేపర్ వ్యాన్ డ్రైవర్ రాస్తున్న ఉత్తరం

ఎడిటర్ గారికి నమస్కారం.

బండ్లకు అదనంగా బిగించుకునే లైట్లన్నీ పీకించేయాలని ఈ మధ్య మీ ఉత్తరాల పేజీలో ఒకాయన రాశారు. ఎదురుగా వచ్చిన బండి వెలుగుకి కళ్లు బైర్లు కమ్మి రోడ్డు దిగిపోయానని ఆయన బాధ. ఆ ఉత్తరం అచ్చయిన పేపర్‌ని ఆయన దాకా చేర్చింది బహుశా నేనే. మీ పేపర్ కట్టలు మోసే వ్యాన్ నడుపుతాను. నా బండికీ అదనపు లైట్లున్నాయి. ఆయన కోపంలో సగం న్యాయం ఉంది, మిగతా సగం గురించే ఈ ఉత్తరం.

రాత్రి రెండింటికి ప్రెస్ దగ్గర లోడింగ్. అక్కణ్నుంచి నా దారిలో 38 కిలోమీటర్లు అడవి. పదకొండేళ్లుగా అదే దారి, అదే చీకటి. రెండేళ్ల కిందట ఒక రాత్రి లోడింగ్ ఆలస్యమై, పోయిన టైము రాబట్టుకుందామని 80లో పోతున్నాను. ఎడమ పక్క నుంచి జింక దూకింది. దూకింది అంటున్నాను గానీ, అది అంతకుముందు నుంచే ఆ గడ్డి అంచున నిలబడి ఉండాలి. గడ్డి రంగూ దాని రంగూ ఒకటే, నాకు కనబడలేదు. బ్రేక్ మీద కాలు పడేలోపే గుద్దేశాను. రేడియేటర్ పగిలింది, ఎడమ హెడ్‌లైట్ పోయింది, జింక అక్కడికక్కడే చచ్చిపోయింది. దిగి చూస్తే రోడ్డుకు అవతల ఇంకో రెండు నిలబడి నా వైపే చూస్తున్నాయి. ఆ రోజు పేపర్ తొమ్మిదింటికి గానీ రాలేదని ఫోన్లు చేసి తిట్టిన చందాదారులకు అసలు కారణం ఇది.

ఆ తర్వాత నేను చేసిన మొదటి పని తప్పు పని. బండి నెత్తి మీద పొడుగాటి ఎల్‌ఈడీ బార్ బిగించాను. మొదటి రాత్రి పట్టపగల్లా అనిపించింది, ఇంత సులువైన పని ఇన్నాళ్లు ఎందుకు చెయ్యలేదా అనుకున్నాను. వారం తిరిగేసరికి ఒక్కొక్కటీ బయటపడింది. ఆ బార్ వెలుగంతా బండి ముందు 30 మీటర్లలోనే పడుతుంది. కళ్లు ఆ వెలుగుకి అలవాటు పడిపోతాయి, దాని అవతల ఉన్నదంతా ఇంకా నల్లగా కనిపిస్తుంది. దగ్గర ఎంత వెలుగు పోస్తే దూరం అంత చీకటి. మంచు పడిన రాత్రి ముందు తెల్లటి గోడ కట్టినట్టే. బానెట్ మీద పడిన వెలుగు తిరిగి నా కళ్లలోకే కొట్టేది. పైగా దాని స్విచ్ వేరు. ఎదురుగా బండి వస్తే డిప్ కొట్టేవాణ్ని గానీ నెత్తి మీది బార్ ఆపడం సగంసార్లు మర్చిపోయేవాణ్ని. ఒకసారి ఒక లారీ ఆయన బండి ఆపి, దిగి వచ్చి మరీ నాలుగు మాటలన్నాడు. అనిపించుకున్నాను. మీకు ఉత్తరం రాసినాయన నాకు ఎదురుపడింది కూడా ఆ రోజుల్లోనేనేమో, నిజం చెప్పాలంటే అది కూడా అయ్యుండొచ్చు. అలాంటి బార్‌ని మామూలు రోడ్డు మీద వెలిగించడం చాలాచోట్ల చట్టం కూడా ఒప్పుకోదు.

అన్నిటికంటే పెద్ద తప్పు ఇంకొకటుంది. బార్ పెట్టాక నేను 80 నుంచి 90కి వెళ్లిపోయాను. తెలిసి చేసింది కాదు, వెలుగు ఎక్కువగా ఉంటే కాలు దానంతటదే నొక్కుతుంది.

ఒక్కసారి లెక్క చూడండి. 80లో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. జింక కనబడి, అది జింకేనని బుర్రకెక్కి, బ్రేక్ మీద కాలు పడడానికి ఒకటిన్నర సెకను పట్టినా 33 మీటర్లు అయిపోతాయి. పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, గట్టిగా బ్రేక్ వేస్తే ఆగడానికి ఇంకో 35. మొత్తం 68 మీటర్లు. 60లో అయితే అదంతా కలిపి 45. లోడ్ బండి అయితే ఇంకాస్త కలుపుకోవాలి, తడి రోడ్డు సంగతి చెప్పనే అక్కర్లేదు.

మరి డిప్ కొట్టినప్పుడు, అంటే లో బీమ్‌లో, ఎంత దూరం కనిపిస్తుంది? ఊరికే అనుకోవడం ఎందుకని ఒక ఆదివారం రాత్రి ఖాళీ రోడ్డు మీద పరీక్ష పెట్టాను. అట్టపెట్టెలు పేర్చి, పైన గోధుమ రంగు దుప్పటి కప్పి, రోడ్డు అంచున నిలబెట్టాం. మా అబ్బాయి టేపు పట్టుకుని నడిచాడు, నేను బండి మెల్లగా ముందుకు పోనిస్తూ కూర్చున్నాను. లో బీమ్‌లో 50 మీటర్ల దగ్గరికి వస్తేగాని అక్కడేదో ఉందని తెలియలేదు. హై బీమ్‌లో 110 దగ్గరే తెలిసింది. అదీ అక్కడ ఉందని ముందే తెలిసి వెతుకుతున్న కళ్లకు. తెల్లవారుజామున మూడింటికి, నిద్ర ఆపుకుంటూ నడిపేవాడికి అంతకంటే తక్కువే అనుకోవాలి. అంటే లో బీమ్‌లో 80లో పోయేవాడికి కళ్లున్నా లేనట్టే. ఆ రాత్రి నేను చేసింది అదే.

ఆ బార్ పీకేసి, ఈసారి దూరం పోయే హాలోజన్ డ్రైవింగ్ లైట్లు ఒక జత కొన్నాను. బిగించిన మెకానిక్ వాటిని హెడ్‌లైట్ స్విచ్‌కి వెళ్లే వైరుకే జోడించేశాడు. ఒక్కోటి 55 వాట్లు, రెండూ కలిపి 110. 12 ఓల్టుల మీద 9 ఆంపియర్ల పైమాటే. ఆ సన్న వైరు అప్పటికే హెడ్‌లైట్ల బరువు మోస్తోంది. మూడో రాత్రి డాష్‌బోర్డు లోంచి కాలిన వాసన వచ్చింది. వెనకాల ఉన్నదంతా కాగితం కట్టలు సార్, నా టెన్షన్ మీరే ఊహించుకోండి.

అప్పుడు దొరికాడు అసలైన ఎలక్ట్రీషియన్. ఆయన కొత్త లైట్ల జోలికి పోకుండా ముందు ఉన్న హెడ్‌లైట్లు చూశాడు. అద్దాలు పసుపెక్కి మసకబారిపోయి ఉన్నాయి, వాటిని పాలిష్ పట్టాడు. మీటర్ పెట్టి చూస్తే బ్యాటరీ దగ్గర 13.6 ఓల్టులు, బల్బు దగ్గర 12.2. మధ్యలో పాత వైర్లు, తుప్పు పట్టిన కనెక్టర్లు మింగేస్తున్నాయి. హాలోజన్ బల్బుకి ఓల్టేజీ పదో వంతు తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుందట. వైర్లు మార్చి, ఎర్త్ సరిచేసేసరికి కొత్త లైటు ఒక్కటీ వెలిగించకుండానే రోడ్డు మారిపోయినట్టనిపించింది. జింకల భయంతో లైట్లు కొనడానికి బయలుదేరేవాళ్లు దయచేసి ముందు ఇది చేయించుకోండి.

తర్వాత లైట్ల సంగతి. రెట్టింపు దూరంలో వెలుగు నాలుగో వంతే మిగులుతుంది. అందుకని రెండింతల దూరం చూడాలంటే నాలుగింతల వెలుగు కావాలి. డబ్బా మీద రాసిన ల్యూమెన్ల అంకెలు, అంటే లైటు మొత్తం ఎంత వెలుగు ఇస్తుందో చెప్పే లెక్క, చూసి నేనూ ఒకసారి మోసపోయాను. ఆ వెలుగు ఎటు పోతోందన్నదే ముఖ్యం. ఫాగ్ లైట్లు జింకల కోసం పనికిరావు, అవి బండి ముందు నేలను చూపించేవి. ఇప్పుడు నా బంపర్ మధ్యలో దూరం పోయే సన్న బీమ్ జత ఉంది. బంపర్ చివర్లలో వెడల్పుగా పరుచుకునే జత ఇంకొకటి, ఇది రోడ్డు అంచుల్లోని గడ్డిని చూపిస్తుంది. జింక వచ్చేది అంచు నుంచే కాబట్టి, ఈ రెండో జతే నాకు ఎక్కువ అక్కరకొచ్చింది. నాలుగింటికీ రిలే (చిన్న సిగ్నల్‌తో పెద్ద కరెంటును వేసి ఆపే స్విచ్ లాంటిది), లావు వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజ్. ఆ రిలేకి సిగ్నల్ వెళ్లేది హై బీమ్ వైరు నుంచి. నేను డిప్ కొట్టగానే నాలుగూ దానితోపాటే ఆరిపోతాయి, గుర్తుపెట్టుకోవాల్సిన పని లేదు. ఉత్తరం రాసినాయనకు నా జవాబు ఈ ఒక్క వైరే. లైట్లు పీకించనక్కర్లేదు, డిప్ కొడితే ఆరిపోని లైట్లు పీకిస్తే చాలు.

సెట్టింగ్ గోడ ముందు చేయించాను, కానీ మొదటిసారి ఖాళీ బండితో. లోడ్ వేశాక వెనక భాగం కిందికి దిగి ముక్కు పైకి లేచింది. దానితో నా లో బీమ్ కూడా ఎదుటివాడి కళ్లలోకి పోయింది. కట్టలన్నీ వేసుకుని మళ్లీ గోడ ముందుకెళ్లి సరిచేయించాల్సి వచ్చింది. కుటుంబంతో, సామాన్లతో నైట్ జర్నీ చేసేవాళ్లకూ ఇదే వర్తిస్తుంది. అంతమందిని ఎక్కించుకుని లైట్లు చూపించుకునేవాళ్లు ఎవరుంటారులెండి.

ఇక జింక వైపు నుంచి. దాని కంటి వెనక అద్దం లాంటి పొర ఉంటుంది. లోపలికి వెళ్లిన వెలుగును అది తిప్పి కొడుతుంది, మనకు కళ్లు మెరిసినట్టు కనబడేది అందుకే. ఒళ్లు కనబడక ముందే చాలా దూరం నుంచి కళ్లు కనబడతాయి, కానీ అది మన వైపు చూస్తేనే. మేస్తూ తల దించుకుని ఉంటే ఏమీ ఉండదు. చీకటికి పూర్తిగా విచ్చుకున్న ఆ కళ్ల మీద మన వెలుగు ఒక్కసారిగా పడితే దానికి ఇంకేమీ కనబడదు. రోడ్డు మధ్యలో కొయ్యబారిపోయి నిలబడేది మొండితనంతో కాదు.

మా అమ్మాయి నెట్‌లో వెతికి ఒక సంగతి చదివి చెప్పింది. అమెరికా వ్యవసాయ శాఖ వన్యప్రాణి పరిశోధకులు జింకలున్న చోట రాత్రిపూట బండి నడిపి చూసి, 2020లో ఫలితాలు ప్రచురించారు. బండి ముందు భాగంలో ఒక లైటును వెనక్కి తిప్పి, బండి ముఖం మీదే వెలుగు పడేలా పెట్టారు. ఉత్త హెడ్‌లైట్లతో వెళ్లినప్పుడు 35 శాతం సార్లు జింకతో ప్రమాదకరమైన పరిస్థితి వస్తే, ఈ లైటు కూడా ఉన్నప్పుడు అది 10 శాతానికి తగ్గింది. నేను మాట్లాడకుండా కాసేపు కూర్చుండిపోయాను. ఇన్నాళ్లూ నాకు జింక ఎలా కనబడాలా అని చూశాను గానీ, దానికి నేనెలా కనబడుతున్నానో ఎప్పుడూ ఆలోచించలేదు. చీకట్లో దానికి కనిపించేది రెండు వెలుగు చుక్కలు. వాటి వెనక రెండు టన్నుల వ్యాన్ ఉందని దానికెలా తెలుస్తుంది? బండి ఆకారం కనబడితే దూరం జరగాలని దానికి తోస్తుంది. అలాంటి లైటు నేనింకా పెట్టించలేదు. అది ఎదుటివాడి కళ్లకు అడ్డం రాకుండా ఎలా బిగించాలో ఎలక్ట్రీషియన్‌తో మాట్లాడుతున్నాను. జింకల్ని బెదరగొడతాయని చెప్పే, బంపర్‌కి అంటించుకునే విజిళ్లు మాత్రం ఒకప్పుడు పెట్టి చూశాను. జింక చెవి కూడా కదపలేదు.

ఇన్ని చేశాక, ఈ రెండేళ్లలో రెండుసార్లు జింకల గుంపు ముందు సకాలంలో ఆగగలిగాను. రెండుసార్లూ మొదట కనబడింది ఒక్కటే. అది దాటిపోయాక నేను కదలలేదు, వెనకే ఇంకా వచ్చాయి. స్టీరింగ్ తిప్పి తప్పించాలని చూడలేదు, నేరుగా బ్రేక్ వేశాను. లోడ్ బండిని అలా తిప్పితే చెట్టుకో ఎదుటి లారీకో చెప్పుకోవాలి.

కానీ ఎడిటర్ గారూ, నా నాలుగు లైట్లూ ఎదురు బండి లేనంతసేపే. ఆ వేళప్పుడు మా అడవి రోడ్డు మీద లారీలు వరసగా వస్తుంటాయి. దారిలో సగం నేను లో బీమ్‌లోనే నడపాలి, అంటే నాకు దక్కేది ఆ 50 మీటర్లే. అంతలో ఆగాలంటే బండి 60 దాటకూడదు. 38 కిలోమీటర్లు 80లో పోతే 28 నిమిషాల 30 సెకన్లు పడుతుంది, 60లో పోతే 38 నిమిషాలు. తేడా తొమ్మిదిన్నర నిమిషాలు. ఆ తొమ్మిదిన్నర నిమిషాలు నా దగ్గర లేవు, ఎందుకంటే మీ ఆఖరి పేజీ ప్రెస్‌కి వచ్చేసరికి ప్రతి రాత్రీ ఆలస్యమే. లోడింగ్ దగ్గర డ్రైవర్లందరం గడియారం చూసుకుంటూ నిలబడతాం. ఆ ఆలస్యాన్ని రోడ్డు మీద పూడ్చుకునేది మేమే.

ఆఖరి పేజీని పది నిమిషాలు ముందు వదలమని మీ డెస్క్‌కి చెప్పగలరా? ఈ ఉత్తరం వేసే పేజీ కూడా అదే అయితే, దీన్ని కాస్త కత్తిరించినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ పేపర్ వ్యాన్ డ్రైవర్